నలభై అయిదేళ్లకు ఉద్యోగం మానవచ్చా? నల్లగొండ నుంచి ఒక లెక్క

మా జిల్లాలో రిటైర్మెంట్ అనే మాట చాలాకాలం పంతుళ్ల ఇళ్లలో, ఆర్టీసీ డిపోలో, కరెంటాఫీసులో మాత్రమే వినిపించేది. రైతుకు ఆ మాటతో పని లేదు, కైకిలికి పోయే మనిషికి అసలే లేదు. పక్కనున్న పాలమూరు నుంచి బొంబాయికి, పుణేకు మట్టిపనికి వలసపోయిన తరానికైతే నడుము పట్టేసి, మేస్త్రీ ఇక రావద్దన్న రోజే విరమణ. అలాంటి చోట ఇప్పుడు జడ్చర్ల ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసే పిల్లలు, దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కొలువులకు వెళ్లినవాళ్లు దసరాకు ఊరికి వచ్చినప్పుడు "నలభై అయిదేండ్లకు మానేస్తే ఎంత ఉండాలె అన్నా?" అని అడుగుతున్నారు. వాళ్లు చూసే వీడియోల్లో దీని పేరు ఫైర్ (ఫైనాన్షియల్ ఇండిపెండెన్స్, రిటైర్ ఎర్లీ). పెట్టుబడుల మీద వచ్చే రాబడితోనే జీవితాంతం ఇల్లు గడిచే స్థితికి చేరుకుని, అరవై ఏళ్లకు చాలా ముందే కొలువు వదిలేయడం అన్నది దాని సారాంశం.

ఆ పేరులో నిజానికి రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. జీతం ఆగినా ఇల్లు ఆగదన్న స్థితి ఒకటి, ఆ స్థితి వచ్చాక పని మానేయాలన్న నిర్ణయం మరొకటి. మొదటిది లెక్కకు అందుతుంది. రెండోది మనిషిని బట్టి, ఇంటిని బట్టి, మోకాళ్లను బట్టి కూడా మారుతుంది. ఈ రెండింటినీ విడదీయకుండా మాట్లాడడం వల్లనే సగం మంది యువకులు ముప్ఫయ్యేళ్ల వయసులో చాయ్ కూడా మానేసి కూడబెట్టాలని చూస్తున్నారు. మిగతా సగం ఇదంతా కోటీశ్వరుల ముచ్చట అని పక్కన పెట్టేస్తున్నారు.

25 రెట్ల సూత్రం ఎక్కడిది?

ఏడాది ఖర్చుకు 25 రెట్లు పోగుచేస్తే చాలన్న మాట అమెరికా నుంచి వచ్చింది. విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అక్కడి షేర్ల, బాండ్ల పాత రాబడులను 1926 నుంచి తిరగేసి, మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసుకుని, ఆ తరువాత ధరలు పెరిగిన మేరకు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోయినా, ఎంత చెడ్డ కాలంలో విరమణ చేసినవారికైనా ఆ నిధి 30 ఏళ్లు నిలిచిందని చూపించాడు. 1998లో టెక్సస్‌లోని ట్రినిటీ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు ఆచార్యులు ఇంచుమించు అదే పద్ధతిలో చేసిన అధ్యయనంతో ఈ సూత్రం లోకంలో స్థిరపడింది. నిధిలో 4 శాతం తీయవచ్చంటే నిధి ఖర్చుకు 25 రెట్లు ఉండాలన్నమాట. తిరగేసిన లెక్క తప్ప ఇందులో వేరే రహస్యం లేదు.

మనకు పనికిరాని సంగతులు ఇందులో రెండు ఉన్నాయి. ఆ లెక్క 30 ఏళ్ల కోసం వేసింది, అంటే అరవై దాటి విరమణ చేసేవారి కోసం. 45కే మానేసే మనిషి భార్య వయసును కూడా కలుపుకుంటే 45 ఏళ్లకైనా సిద్ధపడాలి. పైగా అది అమెరికా ధరల చరిత్ర. మన రిజర్వు బ్యాంకుకు 2016 నుంచి ఉన్న లక్ష్యమే 4 శాతం ద్రవ్యోల్బణం, అటూఇటూ 2 శాతం సడలింపుతో. 6 శాతం చొప్పున పెరిగితే ధరలు 12 ఏళ్లకు రెట్టింపవుతాయి: ఈరోజు నెలకు 40,000తో నడిచే ఇంటికి 12 ఏళ్ల తరువాత 80,000, 24 ఏళ్ల తరువాత 1,60,000 కావాలి. అందుకని నేను 4 శాతం బదులు 3 శాతం పట్టుకుంటాను. అప్పుడు నిధి ఖర్చుకు 33 రెట్లు అవుతుంది. ఇది శాస్త్రం కాదు, నా జాగ్రత్త. ఎవరైనా 30 రెట్లు చాలంటే వాదించను. 20 రెట్లు చాలంటే మాత్రం ఒప్పుకోను.

ఈ 33 రెట్లు ఎంత పెద్ద మాటో మా నాన్న పింఛను చూస్తే అర్థమవుతుంది. ఆయన పాత పింఛను విధానంలో రిటైరైన బడిపంతులు. నెలకు 45,000 పింఛను అనుకుంటే ఏడాదికి 5,40,000. దాన్ని 33తో గుణిస్తే 1 కోటీ 78 లక్షలు. ధరలతోపాటు డీఏ కూడా పెరుగుతుంది కాబట్టి ఆయన చేతిలో కనిపించని నిధి అంత ఉన్నట్టే లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ కొలువులో చేరినవారికి ఆ పింఛను లేదు, ఉద్యోగి తన జీతంలోంచి వాటా కట్టే సీపీఎస్ ఉంది. ప్రైవేటు ఉద్యోగి పరిస్థితి ఇంకా పల్చన. పీఎఫ్‌తోపాటు వచ్చే ఈపీఎస్ పింఛనుకు లెక్కలోకి తీసుకునే జీతం మామూలుగా 15,000 దాటదు. దాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. 15 ఏళ్లు పనిచేసి మానేసిన మనిషికి 58వ ఏట నుంచి నెలకు 3,214 రూపాయలు వస్తాయి. పంతులు గారికి సర్కారు కూడబెట్టి పెట్టిన కోటిన్నర, రెండు కోట్లను ప్రైవేటు ఉద్యోగి తానే కూడబెట్టుకోవాలి.

ఖర్చు ఎవరిది?

గుణించేది 25తోనా, 33తోనా అన్న చర్చ కన్నా గుణించబడేది ఏమిటన్నదే పెద్ద ప్రశ్న. మా ఇంట్లో ఐదేళ్లుగా ఒక పొడవాటి గీతల నోట్‌బుక్ ఉంది. దసరా నుంచి దసరాకు ఒక సంవత్సరం. బియ్యం, పాలు, గ్యాసు, కరెంటు, పెట్రోలు, కూరగాయలు, ఫోన్లు, పనిమనిషి, చిల్లర మల్లర అన్నీ కలిపి నెలకు 40,000 అవుతున్నాయి. సొంత ఇల్లు కనుక కిరాయి లేదు. ఎవరు అడిగినా మొదట్లో ఇదే చెప్పేవాణ్ణి. ఏడాదికి 4,80,000 ఖర్చు, 25 రెట్లు వేస్తే 1 కోటీ 20 లక్షలు. చేరుకోగలిగిన అంకెలాగే కనిపించింది.

నోట్‌బుక్ వెనక పేజీలు చూసేదాకా ఆ ధైర్యం ఉంది. ఇల్లు, బండి బీమాలకు ఏటా 35,000. దసరా బట్టలకు, బతుకమ్మకు ఇంటికొచ్చే ఆడబిడ్డలకు, సంక్రాంతి పిండివంటలకు కలిపి 40,000. పెళ్లిళ్లలో చదివింపులు, ఒడిబియ్యం, గృహప్రవేశాల్లో బట్టలు పెట్టడం 45,000. ఒక ఏడు ముహూర్తాలు ఎక్కువైతే ఇది ఇంకా పెరిగింది. బండి మార్చడం, ఇంటికి సున్నం, బోరు మోటారు, ఫ్రిజ్ లాంటివి అయిదేళ్ల మొత్తాన్ని సగటు వేస్తే ఏడాదికి 50,000. కల్వకుర్తి దగ్గర పల్లెలో ఉండే మా అత్తమామల వైద్యానికి 60,000. శ్రీశైలం, యాదగిరిగుట్ట, ఏడాదికి ఒక దూరప్రయాణం 40,000. మొత్తం 2,70,000. అసలు ఖర్చు 4,80,000 కాదు, 7,50,000. దానికి 33 రెట్లు వేస్తే దాదాపు 2 కోట్ల 50 లక్షలు. పిల్లల చదువులు జీవితాంతం ఉండే ఖర్చు కాదు కాబట్టి అవి ఇందులో లేవు, వాటికి వేరే డబ్బు.

ఈ వెనక పేజీలను చూసి చదివింపులు మానేద్దామనుకునేవారు ఉంటారు. నేను ఆ పక్షం కాదు. మా పెళ్లిలో చదివించినవారి పేర్లున్న పుస్తకం మా అమ్మ బీరువాలో ఇప్పటికీ ఉంది. ఎవరింట్లో శుభకార్యం వచ్చినా ఆమె అది తీసి చూసి ఎంత పెట్టాలో చెబుతుంది. ఇది ఊరు ఊరంతా మిత్తి లేకుండా నడుపుకునే చేబదులు లాంటిది, మన ఇంట్లో పెళ్లికి తిరిగి వస్తుంది. లెక్కలో రాయకపోవడమే తప్పు.

ఎంత మిగిల్తే ఎన్నేళ్లు?

ఇక్కడ జీతం ఎంతన్నది దాదాపు అప్రస్తుతం. జీతంలో ఎంత వాటా మిగులుతుందన్నదే వయసును నిర్ణయిస్తుంది. ధరల పెరుగుదల పోను పెట్టుబడి మీద ఏటా 4 శాతం నికర రాబడి వస్తుందని, గమ్యం 33 రెట్లని అనుకుందాం. జీతంలో 20 శాతం మిగిల్చేవాడికి 47 ఏళ్లు పడుతుంది, అంటే అతనికి ముందస్తు విరమణ లేనట్టే. 30 శాతం అయితే 36 ఏళ్లు, 40 శాతం అయితే 28, సగం మిగిల్చితే దాదాపు 22, అరవై శాతం మిగిల్చేవాడికి 16. మిగులు పెరిగినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: నిధి వేగంగా పెరుగుతుంది, తక్కువతో బతుకుతున్నాం కాబట్టి కావలసిన నిధి కూడా చిన్నదవుతుంది. 25 ఏళ్లకు కొలువులో చేరి 45కు మానాలనుకునేవారు జీతంలో సగానికి పైగా మిగల్చాలి. నల్లగొండలో సొంతింట్లో ఉంటూ ఇద్దరూ సంపాదించే జంటకు అది కష్టమైనా సాధ్యం. హైదరాబాదులో కిరాయి కడుతూ ఒక్క జీతంతో నడిచే ఇంటికి చాలావరకు కాదు. ఈ తేడాను వీడియోలవాళ్లు చెప్పరు.

మరి సగం మిగిల్చితే బతుకులో రుచి ఏముంటుందన్న ప్రశ్నకు జవాబు కూడా 33 అనే అంకెలోనే ఉంది. నెలనెలా తప్పనిసరిగా పోయే 1,000 రూపాయలను విరమణ తరువాత కూడా భరించాలంటే దాని వెనక 4 లక్షల నిధి నిలబడాలి. ఒకే ఒక్కసారి పెట్టే 60,000కు మాత్రం వెనక నిలబడేది ఆ 60,000, పెట్టుబడి పెట్టకపోవడం వల్ల పోయిన రాబడి. నికర 4 శాతం చొప్పున 20 ఏళ్లకు ఆ పోయిన మొత్తం అసలుతో కలిపి 1,31,000. నెలకు 5,000 ఎక్కువ కిరాయి ఇచ్చి పెద్ద ఇంట్లోకి మారడం 20 లక్షల నిర్ణయం. కారు కొనగానే దాని బీమా, సర్వీసింగు, పెట్రోలు, పదేళ్లకొకసారి మార్పిడి శాశ్వతంగా నోట్‌బుక్‌లో చేరిపోతాయి. రోజుకు రెండు చాయ్‌లు, 30 రూపాయలు, ఏడాదికి 11,000 లోపే; 33 రెట్లు వేసినా 3 లక్షల 60 వేలు. గడియారం సెంటర్లో సాయంత్రం నలుగురు స్నేహితులతో నిలబడి తాగే చాయ్‌ని వదులుకుని దక్కేది అంతే.

కాబట్టి అలవాటుగా మారే సౌకర్యాల దగ్గర నేను గట్టిగా పిసినారిని, ఎప్పుడో ఒకసారి వచ్చే సంతోషాల దగ్గర చేయి సడలిస్తాను. అందులోనూ వయసుతో ముడిపడినవి ముందు. నల్లమలలో సలేశ్వరం జాతర ఏటా చైత్ర పౌర్ణమి రోజుల్లోనే జరుగుతుంది. వాహనం ఆగినచోటు నుంచి అడవిలో రాళ్లూ రప్పలూ దాటుకుంటూ లోయలోకి దిగాలి, మళ్లీ ఎక్కి రావాలి. "వత్తున్నం లింగమయ్యా" అని అరుస్తూ దిగుతున్న జనంలో నేను 38 ఏళ్లకు మొదటిసారి నడిచాను, తోడుగా మా నాన్న వచ్చాడు. సగం దారిలో ఆయన ఒక బండమీద కూర్చుండిపోయి, చెప్పులు విప్పి మోకాళ్లు రుద్దుకుంటూ, "నువ్వు పొయ్యిరా, నేను ఈడనే ఉంట" అన్నాడు. ఆయన పింఛను నెల తప్పకుండా వస్తుంది, కావలసినంత తీరిక ఉంది, ఆ లోయలోకి దిగే మోకాళ్లు మాత్రం లేవు. ఆ ప్రయాణానికి మనిషికి 2,000 కూడా కాలేదు. దాన్ని ఆయన నలభయ్యేళ్లప్పుడు ఎందుకు చేయలేదని అడిగితే, ఇల్లు కట్టిన అప్పు తీరేదాకా ఎటూ పోవద్దనుకున్నానని చెప్పాడు.

నిధి ఏ రూపంలో ఉండాలి?

మన దగ్గర సంపద అంటే భూమి. ఎకరం 40 లక్షలు పలుకుతుందనుకుందాం, కౌలు ఏడాదికి 15,000 వస్తుందనుకుందాం. రాబడి అర శాతం కూడా కాదు. రైతుభరోసా కింద 2025 నుంచి ఏడాదికి ఎకరానికి వచ్చే 12,000 కలిపినా ఒక శాతం దాటదు. 60 లక్షల ఇంటికి నెలకు 12,000 కిరాయి వస్తే 2.4 శాతం. ధర పెరగవచ్చు, చాలాచోట్ల పెరిగింది కూడా, కానీ పెరిగిన ధరతో ఈ నెల కరెంటు బిల్లు కట్టలేం, ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు ఐదు గుంటలు కోసి అమ్ముకోలేం. రెండెకరాల భూమి, ఊళ్లో ఇల్లు, రెండు ప్లాట్లు ఉన్న మనిషి కాగితం మీద మూడు కోట్లకు అధిపతి అయి ఉండి కూడా జీతం ఆగిన మూడో నెలకు అప్పు కోసం తిరగవలసి రావచ్చు.

ప్లాట్ల సంగతి నా అనుభవంతోనే చెబుతాను. 2018లో సాగర్ రోడ్డులో ఒక వెంచర్‌లో 200 గజాలు, గజం 4,500 చొప్పున 9 లక్షలు పెట్టి తీసుకున్నాను. భోజనాలు పెట్టి, బస్సులో తిప్పి, మూడేళ్లలో రెట్టింపు అన్నారు. ఏడేళ్ల తరువాత గజం 6,000 అంటున్నారు, అంటే ఏటా 4 శాతం చిల్లర పెరిగినట్టు. ఆ ధరకు కొనేవాడు ఇంతవరకు రాలేదు. హద్దురాళ్లలో రెండు కనిపించడం లేదు, ఏడాదికొకసారి ముళ్లకంప కొట్టించడానికి నేనే కూలి ఇస్తున్నాను.

ఇంకో దారి మిత్తికి ఇవ్వడం. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 25 లక్షలు తిప్పితే నెలకు 50,000 వస్తుంది, ఇక రెండు కోట్లు ఎందుకన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఆ 24 శాతంలో ఎక్కువ భాగం అసలు రాకపోవచ్చన్న భయానికి ఇచ్చే వెల. పత్తి ధర పడిపోయిన ఏడు ఊళ్లో అప్పు తీసుకున్నవారందరూ ఒకేసారి ఆగిపోతారు. ప్రామిసరీ నోటు పట్టుకుని కోర్టుకు తిరిగేది, నలుగురితో మాటలు తెంచుకునేది మనమే. చిట్టీ దీనికన్నా మేలు, అది రిజిస్టరైనదైతేనే. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద నడిచే చిట్టీలో దాన్ని నడిపే ఫోర్‌మన్ కమిషన్ 7 శాతం మించకూడదు. కూడబెట్టే వయసులో చిట్టీ ఒక క్రమశిక్షణ. విరమణ తరువాత దానిమీద బతకడం కుదరదు.

మిగిలేవి బ్యాంకు, పోస్టాఫీసు, షేర్ మార్కెట్. ఎఫ్‌డీ 6.5 శాతం ఇచ్చి, అందులో పన్ను పోయి, ధరలు 5 శాతం పెరిగితే చేతికి మిగిలేది దాదాపు సున్నా. పీపీఎఫ్ మీద 2020 ఏప్రిల్‌లో 7.1 శాతంగా నిర్ణయించిన వడ్డీ ఏళ్ల తరబడి అలాగే ఉంది. పన్ను లేదు, కానీ ఏడాదికి 1,50,000 మించి వేయలేం, 15 ఏళ్లు కట్టుబడి ఉండాలి. 40 ఏళ్లు నిలవాల్సిన నిధిలో సగమైనా నిఫ్టీ లాంటి సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్లలో లేకపోతే ధరల పరుగును అందుకోవడం కష్టమని నా అభిప్రాయం. ఇలాంటి ఫండ్లను ఏడాది దాటాక అమ్మితే, ఒక ఏడాదిలో 1,25,000 మించిన లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది. 2024 జూలైలో మార్చిన నియమం ఇది. మళ్లీ మారవచ్చు.

షేర్లతో ఉన్న అసలు ప్రమాదం సగటు రాబడిలో కాదు, చెడ్డ ఏళ్లు ముందు వస్తాయా, తరువాత వస్తాయా అన్న వరసలో ఉంది. 2020 జనవరిలో 12,400 దాకా ఉన్న నిఫ్టీ మార్చి 23 నాటికి 7,600 దగ్గరికి పడిపోయింది. అదే జనవరిలో 2 కోట్ల నిధితో కొలువు మానేసిన మనిషిని ఊహించుకోండి. అంతా షేర్లలోనే ఉంచి, ఏడాదికి 8 లక్షలు, అంటే 4 శాతం, తీసుకుందామనుకున్నాడు. నిధి దాదాపు 39 శాతం తగ్గి 1 కోటీ 23 లక్షలకు వచ్చాక అదే 8 లక్షలు 6 శాతం దాటిపోతాయి. అప్పుడు పడిన ధరకే అమ్ముకుంటూ బతికితే, మార్కెట్ లేచినా లేవడానికి తన దగ్గర యూనిట్లు మిగలవు. అదే పతనం విరమణ తరువాత ఇరవయ్యో ఏట వచ్చి ఉంటే పెద్దగా తగిలేది కాదు. ఆ ఏడాది చివరికే సూచీ పాత ఎత్తును దాటింది నిజమే, ప్రతిసారీ అంత త్వరగా లేస్తుందని ఎవరూ రాసివ్వలేరు.

దీనికి విరుగుడు మన రైతు ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. కొత్త పంట ఇంటికి వచ్చేదాకా తినడానికి గుమ్మిలో పాత వడ్లు ఉంచుకుంటారు, విత్తనాల వడ్ల జోలికి పోరు. మూడు నాలుగేళ్ల ఖర్చు, మా లెక్కలో 22.5 లక్షల నుంచి 30 లక్షల దాకా, ఎఫ్‌డీల్లో, త్వరగా తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్లలో విడిగా ఉంటే మార్కెట్ పడిన కాలంలో అందులోంచి తిని, లేచిన కాలంలో దాన్ని తిరిగి నింపుకోవచ్చు. రాబడి కొంత తగ్గుతుంది, నిద్ర పడుతుంది.

కొలువు వదిలితే వెంట పోయేవి

జీతంతోపాటు చాలామంది మరిచిపోయేది కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా. రాజీనామా చేసిన రోజుతో అది ఆగిపోతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది గానీ ఆ కార్డు అన్ని ఇళ్లకూ ఉండదు. సొంత పాలసీ ఉద్యోగంలో ఉన్నప్పుడే, షుగర్, బీపీ రాకముందే తీసుకోవాలి. ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన గడువు గరిష్ఠంగా మూడేళ్లు అని 2024లో నియమం వచ్చింది, అంటే మానడానికి కనీసం మూడేళ్ల ముందే పాలసీ మొదలై ఉండాలి. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేయడం కొంత ఊరట. ఇక 8 శాతం చిల్లర వడ్డీతో ఊరించే సీనియర్ సిటిజన్ పొదుపు పథకం మామూలుగా 60 నిండినవారికే. 45 నుంచి 60 దాకా ఆ తలుపు మనకు మూసి ఉంటుంది.

కొలువుతోపాటు పోయేది ఇంకొకటి కూడా ఉంది. ఊళ్లో మగమనిషి పొద్దున పది గంటలకు ఇంటి అరుగుమీద కూర్చుంటే "ఉద్యోగం తీసేసిన్రట గదా, ఏమైందట?" అన్న ప్రశ్న వీధి చివరిదాకా వెళుతుంది. అది పట్టించుకోనవసరం లేదని చెప్పడం తేలిక, ఇంట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉన్నప్పుడు "మీ నాయిన ఏం జేస్తడమ్మా?" అన్న మాటకు జవాబు సిద్ధంగా ఉండాలి. అంతకన్నా నన్ను ఆలోచనలో పడేసింది మా ఆవిడ మాట. నా విరమణ లెక్కలన్నీ విన్నాక ఆమె, "మరి నా పని నుంచి నేను ఎన్నేండ్లకు రిటైర్ అయితా?" అంది. మగవాడు ఇంట్లో ఉంటే మధ్యాహ్నం భోజనం, రెండు చాయ్‌లు, వచ్చిపోయేవాళ్లు ఆమెకు పెరిగే పని. నా ముప్ఫై మూడు రెట్లలో ఆ ఖర్చుకు గడి లేదు.

అందుకే పూర్తిగా మానడం, పూర్తిగా చేయడం అన్న రెండు గట్ల మధ్య చోటు వెతకడం నయమనిపిస్తుంది. 45 ఏళ్లకు నిధి గమ్యం చేరకపోయినా, తనకు నచ్చిన పని ఏదైనా, ట్యూషన్లు చెప్పడమో, ఖాతాలు రాయడమో, వారానికి మూడు రోజుల కొలువో చేసి నెలకు 20,000 సంపాదిస్తే, అరవై దాకా 15 ఏళ్లలో 36 లక్షలు నిధిలోంచి తీయనవసరం ఉండదు. మార్కెట్ పడితే ప్రాణం మీదికి వచ్చే మొదటి ఏళ్లలోనే ఆ సంపాదన వస్తుంది కాబట్టి దాని విలువ అంకె కన్నా ఎక్కువ. అడిగినవారికి జవాబు కూడా దొరుకుతుంది.

నిర్ణయానికి ముందు నేను మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టి చూశాను. జీతం ఖాతాను ముట్టుకోకుండా, నెల మొదట్లో పొదుపులోంచి 62,500 తీసుకుని, అంటే ఏడున్నర లక్షల్లో పన్నెండో వంతు తీసుకుని గడపాలన్నది షరతు. మొదటి నెల 47,300 అయింది, రెండో నెల 44,600. మూడో నెల రెండు పెళ్లిళ్లు, ఒక ఒడిబియ్యం, మా మామగారి కంటి ఆపరేషన్ కలిసి 98,900. సగటు 63,600, అనుకున్నదానికి 1,100 ఎక్కువ. డబ్బు లెక్క నిలిచింది. రోజు లెక్క నిలవలేదు; రెండో నెల సగంలోకి వచ్చేసరికి పొద్దున పేపరు చదవడం అయిపోయాక ఏం చేయాలో తోచక గడియారం సెంటర్ దాకా రెండుసార్లు నడిచి వచ్చేవాణ్ణి. సెలవు ముగిశాక తిరిగి కొలువులో చేరాను. వచ్చే ఏడాది ఆరు నెలలు మళ్లీ ప్రయత్నించాలనుకుంటున్నాం. దానికోసం నోట్‌బుక్‌లో కొత్త పేజీ తెరిచాం. మొదటి గీత మీద మా ఆవిడ చేతిరాతలో ఇలా ఉంది: "వంట: వారానికి మూడు రోజులు ఆయన."